హెరాల్డు చుక్క: టీకాతాత్పర్యసహితము

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డుకీ సరూర్‌నగర్ చెరువుకీ నడుమ సందుల్లో, ఒక ఇంటి మెట్ల కింద, సున్నం రాలిన గోడ మీద సుద్దముక్కతో రాసిన ఆటవెలది ఇది. కర్త ఎవరో తెలియదు. చేతిరాతను బట్టి చదువుకున్నవాడనీ, వేలిముద్రలను బట్టి మెకానిక్ పని ఎరిగినవాడనీ ఊహించవచ్చు. పద్యం ఎదుటనే దాని కథానాయిక నిలబడి ఉంటుంది గనుక సందర్భం విషయంలో సందేహం లేదు.

నల్ల నూనె లేక నడవదు గద బండి
నేలఁ జుక్క లేక నిలువ దెపుడు
తుడువఁ దుడువఁ గారు తుదిలేని ముచ్చట
తెల్లదొరల బండి తెలుఁగు గడప

ప్రతిపదార్థము: బండి = స్టాండర్డ్ హెరాల్డు అను మోటారుకారు; నల్ల నూనె లేక = వాడి నలుపెక్కిన ఇంజన్ ఆయిలు లేనిదే; నడవదు గద = కదలదు కదా; నేలన్ = పార్కింగు టైల్సు మీఁద; చుక్క లేక = కారిన బొట్టు లేనిదే; ఎపుడున్ = ఏ వేళనైనను; నిలువదు = ఆగియుండదు; తుడువన్ తుడువన్ = బనియన్ గుడ్డతో తుడిచినకొలఁదిని; కారున్ = స్రవించును; తెలుఁగు గడప = తెలుఁగువారి గడపయందు; తెల్లదొరల బండి = ఇంగ్లీషువారి బండియొక్క; ముచ్చట = కథ; తుదిలేనిది = ముగియనిది.

తాత్పర్యము: ఆయిల్ లీకవుతోంది.

ఇంతే అయితే గోడకు తెల్లసున్నం వేసి ఊరుకోవచ్చు. కానీ టీక రాయడం మన సంప్రదాయం. కాళిదాసుకు సంజీవని అనే టీక రాసిన మల్లినాథసూరి మన మెదక్ పక్కనున్న కొల్చారం వాడే. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఇందులో మొదటి సగం ఈ టీకాకారుడు పాటిస్తాడు. రెండో సగం పాత బ్రిటిష్ కారున్న ఇంట్లో సాగదు. అక్కడ అక్కర్లేనిదంటూ ఏదీ లేదు. విరిగిన బోల్టు కూడా డబ్బాలో దాస్తారు.

“బండి” అను పదమును గూర్చి. ఇక్కడ బండి అంటే బ్రిటిష్ స్పోర్ట్స్ కారని మేము అర్థం చెబుతాం. దీనికి పూర్వపక్షం గట్టిది. క్లాసిక్ బ్రిటిష్ స్పోర్ట్స్ కారంటే ఎం.జి., ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఆస్టిన్ హీలీ గాని, డాక్టర్లూ ప్లీడర్లూ పిల్లల్ని స్కూల్లో దించడానికి కొనుక్కున్న హెరాల్డు స్పోర్ట్స్ కారెట్లా అవుతుందని ఆక్షేపం. సమాధానం చెబుతున్నాం. మన స్టాండర్డ్ హెరాల్డుకు మూలమైన ట్రయంఫ్ హెరాల్డు 1959లో ఇంగ్లండులో వచ్చింది. గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోత్తి. అప్పటికి చాలా కంపెనీలు బాడీనే చట్రంగా చేసే పద్ధతికి మారిపోతుంటే, దీనికి విడిగా చాసిస్ ఉంది. ఆ చాసిస్‌నే పొట్టి చేసి, దానిమీద అదే మికెలోత్తి గీసిన రెండు సీట్ల టాపులేని బాడీ పెడితే 1962లో స్పిట్‌ఫైర్ అయింది. ముందు సస్పెన్షన్ అదే, వెనక అడ్డంగా పరిచిన కమాను అదే, ఇంజన్ కుటుంబం అదే. బానెట్టూ మడ్‌గార్డులూ కలిసి ముందుకు ఒరిగి, మేస్త్రీ టైరు మీద కూర్చుని పనిచేసుకునే వెసులుబాటు రెండింటికీ ఉంది. ఇద్దరూ తోబుట్టువులు. ఒకరు జుట్టు విరబోసుకుని తిరిగారు, ఒకరు సంసారం చేశారు. స్పిట్‌ఫైర్ మీద లోకానికున్న మోజు వల్లనే ఇంగ్లండులో ఆ సామాను ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది; దిల్‌సుఖ్‌నగర్‌కు పార్సిల్‌లో వచ్చే బుష్షుల అట్టపెట్టె మీద తరచు తోబుట్టువు పేరే ఉంటుంది. శాస్త్రంలో దీనికన్న బలమైన ప్రమాణం అడగకూడదు.

“తెల్లదొరల బండి”. ఇది సత్యదూరమని చరిత్రకారుల అభియోగం. ఈ హెరాల్డు పుట్టింది మద్రాసులో. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు 1961లో దీన్ని ఇక్కడ మొదలుపెట్టారు. మొదటివాటికి 948 సీసీ ఇంజన్, రెండే తలుపులు. ముసలమ్మల్ని ముందు సీటు మడిచి వెనక్కి ఎక్కించడం మన కుటుంబాలకు కుదిరే పని కాదని ఆ కంపెనీ దశాబ్దం చివర్లో నాలుగు తలుపుల హెరాల్డు చేసింది. ఇంగ్లండువారు అటువంటిది ఎన్నడూ చేయలేదు. అక్కడ 1971లో హెరాల్డు ఆగిపోతే, ఇక్కడ ఆ మరుసటి ఏడు గాజెల్ అని పేరు మార్చుకుని ఇంకొన్నాళ్లు బతికింది. అటువంటప్పుడు కవి “చెన్నపురము బండి” అనవచ్చు కదా? గణాలు సరిపోతాయి. కానీ “చె”కు “తె”తో యతి చెల్లదు. బండి జన్మస్థలం కన్న యతి ముఖ్యం గనుక కవి దొరల పేరే ఉంచాడు. పైగా “బండి” రెండుసార్లు రావడం పునరుక్తి దోషమని కొందరంటారు. మొదటి బండి నడిచేది, రెండోది గడపలో ఆగినది. వీటిని రెండు వేర్వేరు వస్తువులుగా ఎరగనివాడికి పాతకారు లేదని అర్థం.

“నల్ల నూనె”. కొత్త ఇంజన్ ఆయిలు తేనెరంగులో ఉంటుంది. 20డబ్ల్యు-50 డబ్బా విప్పి పోసిన మొదటి రోజు డిప్‌స్టిక్ మీద నూనె మట్టం కనబడదు, అంత తేట. ఇంజన్ తిరిగేకొద్దీ మసిని తనలో కలుపుకుని నల్లబడుతుంది. నల్లబడడం నూనె తన పని తాను చేస్తున్నదనడానికి గుర్తు, పాడైందనడానికి కాదు. కాబట్టి కవి తేటనూనె అనక నల్ల నూనె అనడంలో ఔచిత్యం ఉంది: షెడ్డులో గుడ్డకప్పి దాచిన కారు గురించి కాదు, తిరిగే కారు గురించి చెబుతున్నాడు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డరిచ్చిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. దాని వైభవం వేరు, దాని నూనె రంగు ఎవరికీ పట్టదు. ఇక్కడ “నువ్వు నూనె లేక” అని పాఠాంతరం ఒకటి వినబడుతుంది. అది పనికిరాదు. “ను”కు “న”తో యతి చెడుతుంది, బేరింగులు కూడా చెడతాయి.

“నిలువ దెపుడు”. ఈ పద్యంలో ప్రాణమంతా ఈ క్రియలో ఉంది. సామాన్య కవి అయితే “నడిచినప్పుడు కారుతుంది” అని ఉండేవాడు. నడిచేటప్పుడు కదా నూనె వేడెక్కి పలచబడేది, పంపు ఒత్తిడి పెట్టేది? కాదు, నిలిచినప్పుడే చుక్క అంటున్నాడు. ఇతడు ఇంజన్ విప్పి చూసినవాడు. ఆ తరం బ్రిటిష్ ఇంజన్లు చాలావాటిలో క్రాంక్‌షాఫ్టు వెనక చివర ఇప్పటిలా రబ్బరు పెదవి ఉన్న సీలు ఉండదు. షాఫ్టు మీదే మరచుట్టులాగా ఒక గాడి చెక్కి ఉంటుంది. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ ఆ గాడి, బయటికి రాబోయిన నూనెను లోపలికి నెట్టేస్తుంది. ఇంజన్ ఆగిందా, నెట్టేవాడు లేడు. గాడికీ దాని గూటికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండనే ఉంది. అక్కడ చిక్కిన నూనె నింపాదిగా బెల్‌హౌసింగులోకి దిగి, అడుగునున్న చిల్లులోంచి టైల్సు మీదికి వస్తుంది. చిల్లు కూడా కంపెనీవారు పెట్టినదే. లేకపోతే నూనె క్లచ్చుప్లేటును తడుపుతుంది. అంటే తయారుచేసినవాడు చుక్కను ముందే ఊహించి దానికి దారి వేశాడు. ఇది లోపం కాదు, ప్రణాళిక.

దీనికి దిల్‌సుఖ్‌నగర్ చేసిన చేర్పు ఒకటుంది. ఇక్కడి ఇళ్లకు గేటు దగ్గర ర్యాంపు ఉంటుంది. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుకుంటూ పోతే, వాననీళ్లు లోపలికి రాకుండా ఇంటివాళ్లు గడపను ఇంకాస్త ఎత్తారు. చోటు చాలక కారు ముక్కు పైకి, తోక కిందికి పెట్టి నిలుపుతారు. సంపులో నూనె వెనక్కి చేరుతుంది. వెనకనేగా ఆ గాడి! అదే కారును తిప్పి రివర్సులో ఎక్కిస్తే చుక్కలు తగ్గుతాయి. హెరాల్డు 25 అడుగుల వలయంలో తిరిగిపోగలదు. లండన్ టాక్సీతో పోల్చి చెప్పుకునే గుణం ఇది. మన సందుల్లో కొత్త కార్లు మూడు విడతలుగా ముందుకీ వెనక్కీ చేసే మలుపును ఇది ఒక్క ఊపులో చేస్తుంది. అయినా తిప్పి పెట్టరు. సాయంత్రం లోపలికి పెట్టేటప్పుడు సులువుండాలంటారు. పొద్దున బయటికి తీసేది ఏ ఆదివారమో అన్న సంగతి వేరు.

“చుక్క”. టీకాకారుడు నిలబడి చదవవలసిన చోటు ఇది. చుక్కను ఆపడం ఒక పని, చదవడం ఇంకొక పని. మొదటిదాని కోసం తిరిగేవాళ్లు ఎక్కువ, రెండోది వచ్చినవాళ్లు తక్కువ. కారు కింద రాత్రి ఒక అట్టముక్క పరిచి, ముందు చక్రాలెక్కడో పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటే పొద్దున్నకు పాఠం సిద్ధంగా ఉంటుంది. కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉన్న రోజుల్లో మామిడిపండ్ల అట్టలకు కరువుండేది కాదు. 2021లో మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది. ఇప్పుడు ఫ్రిజ్జు కొన్నవాళ్లను అడగాలి.

అట్ట మీద నల్లచుక్క మధ్యలో పడితే ఇంజన్ వెనక గాడి, పైన చెప్పిందే. కుడికో ఎడమకో జరిగి పడి, ఇంజన్ పక్క అంతా తడిగా ఉంటే రాకర్ కవరు కింది కార్క్ ప్యాకింగు గట్టిపడిందన్నమాట. కాస్త వెనక, బంగారు రంగులో, ముక్కుకు గంధకం వాసన కొడితే గేరుబాక్సు 90 నంబరు నూనె. బాగా వెనకైతే డిఫరెన్షియల్. నీళ్లయితే రేడియేటరో, హోసో, వాటర్ పంపో. కొత్త కార్ల కింద నీళ్లు చూసి ఏసీవిలే అని దాటిపోయే అలవాటు ఇక్కడ పనికిరాదు, హెరాల్డుకు ఏసీ లేదు. ఇవన్నీ చదివి అట్ట మడిచిపెట్టి కాఫీ తాగవచ్చు. ఒక్కటి మాత్రం అలా కాదు. చక్రం లోపలివైపు టైరు గోడమీద, రంగులేని, జిగురులేని తడి కనబడితే అది బ్రేకు ఫ్లూయిడ్. పెయింటును తినేస్తుంది. అది పద్యంలోని చుక్క కాదు, ఆ రోజు తాళంచెవి జేబులోంచి తీయకూడదు. అలాగే పెట్రోలు చుక్క ఎండిపోయి మచ్చ మాత్రమే మిగులుస్తుంది గనుక దాన్ని కంటితో గాక ముక్కుతో చదవాలి. బంకులో ఇప్పుడు పోసేది నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1960ల నాటి రబ్బరు పైపులూ, పంపులోని డయాఫ్రమూ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని చిట్లుతాయి. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది గనుక నెలల తరబడి నిలిపి ఉంచిన టాంకులో తుప్పు పడుతుంది. పైపులు ఇథనాల్‌కు ఆగే రకం వేసుకోవడం, వారానికోసారి తిప్పడం తప్ప దీనికి మంత్రం లేదు.

గడపలో నేలమీద చుక్క అంటే తెలుగువాళ్లకు మొదట తోచేది ముగ్గు. ఇంటావిడ తెల్లవారుజామున పెట్టిన చుక్కల వరసలో అనుకోని ఒక నల్లచుక్క చేరితే మెలికలు ఎటు తిప్పాలో అర్థం కాక ఎన్ని ఇళ్లలో పోట్లాటలు జరిగాయో గాని, కవి ఆ ప్రసక్తి తీసుకురాలేదు. పెళ్లయినవాడై ఉంటాడు.

“తుడువఁ దుడువఁ గారు”. తుడిచినకొలదీ కారును అని ఒక అర్థం. తుడిచినకొలదీ అది కారే, అనగా తుడిస్తేనే కారనిపించుకునేది అని రెండో అర్థం. శ్లేష గొప్పది గాని, మేస్త్రీలకు ఇందులో అర్థం ఒకటే: ప్యాకింగు మార్చాలి. ఇక్కడ మూడు మతాలున్నాయి. ఎంసీల్ మతస్థులు లీకు కనబడిన చోటల్లా ముద్ద పెడతారు. బాగు చేయడానికి రేపు ఎవరైనా విప్పవలసి వస్తుందన్న చింత వారికి లేదు. బిగింపు మతస్థులు సంపు బోల్టులు ఇంకో చుట్టు తిప్పుతారు. రేకు సంపు బోల్టు దగ్గర లోపలికి వంగి, రెండు బోల్టుల నడుమ సందు ఇస్తుంది. కారడం రెట్టింపవుతుంది. మూడోవారు సంపు దింపి, అంచును చదునైన ఇనుపదిమ్మ మీద పెట్టి సుత్తితో సరిచేసి, కొత్త ప్యాకింగు వేసి, బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తారు. వీరిదే సిద్ధాంతం. ప్యాకింగు దొరక్కపోతే షీటు కొని, దాన్ని సంపు అంచుమీద పరిచి గుండ్రటి సుత్తితో చుట్టూ తడుతూ పోతే అంచు ఎక్కడుందో అక్కడ తెగి వచ్చేస్తుంది. ఆటోనగర్‌లో లారీ పనివారు దీన్ని మాటల్లో పడుతూనే చేసేస్తారు.

విప్పడానికి పానా కావాలి గదా. హెరాల్డు బోల్టులు అంగుళాల లెక్కవి. ఇంట్లో ఉండే పానాల సెట్టు మిల్లీమీటర్లది. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దానికి పట్టినట్టే పడుతుంది, తుప్పుపట్టిన బోల్టు మీద బలం పెట్టగానే జారి మూలలు గుండ్రం చేస్తుంది. ఆ తర్వాత ఆ బోల్టుకు చేయవలసింది వైద్యం కాదు, శస్త్రచికిత్స. అంతకు ముందుతరం ఎం.జి.ల వంటివాటికి విట్‌వర్త్ పానాలు కావాలి. వాటిమీద వేసిన అంకె పానా నోటి వెడల్పుది కాదు, బోల్టు కాడ లావుది. ఈ సంగతి తెలియక కొన్నవాళ్లు ఆ అంకెను అబద్ధమనుకుంటారు. రాణీగంజ్‌లో కొత్తవి, జుమేరాత్ బజార్‌లో గురువారం, ఎర్రగడ్డలో ఆదివారం పాతవి దొరుకుతాయి. పాతవే మేలు. గట్టి ఇనుము అని కాదు, వాటిని ఎవరో ముందే వాడి చూశారని.

కరెంటు గురించి పద్యంలో మాటే లేదు. మహాకవులు చెప్పనిదానికీ టీక రాయాలి. ఈ బండ్ల కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీని చీకటిరాజు అని ఇంగ్లీషువాళ్లే ఎగతాళి చేసుకున్నారు. మన దగ్గర లూకాస్-టీవీఎస్ 1961 నుంచీ మద్రాసు పాడిలో ఉంది. నిజానికి తప్పు ఎక్కువసార్లు ఎర్తుది: బాడీ రేకుకూ వైరుకూ మధ్య తుప్పు. ఉప్పుకాగితంతో గీకి బిగిస్తే సగం దీపాలు వెలుగుతాయి. అంతకన్న ముఖ్యం, 1960ల నడిమి దాకా చాలా బ్రిటిష్ బండ్లలో బ్యాటరీ ప్లస్సును బాడీకి కలిపేవారు. కొత్త బ్యాటరీ తెచ్చిన కుర్రాడు అలవాటు చొప్పున మైనస్సును కలిపితే, ఎవరూ అరవకముందే పొగ వచ్చే అవకాశం ఉంది. డిస్ట్రిబ్యూటరు పాయింట్ల సందు 15 థౌ, అంటే మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త పైన. ఫీలర్ గేజి లేకపోతే విజిటింగ్ కార్డు పెట్టి చూస్తారు. పెళ్లిపత్రిక పెట్టరాదు, ఈ మధ్య అవి మరీ మందంగా వస్తున్నాయి.

“నడవదు గద”. గడప దాటాక మాట. మెట్రో స్తంభాల పక్కన చైతన్యపురి, కొత్తపేట సిగ్నళ్లలో ఆగుతూ ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికి హెరాల్డు ఉష్ణోగ్రత ముల్లు పైకి చూస్తుంది. ఫ్యాను ఇంజన్‌కే బెల్టుతో కట్టి ఉంటుంది. ఇంజన్ నెమ్మదిగా ఉంటే ఫ్యానూ నెమ్మదే. అంటే గాలి బాగా కావలసిన సిగ్నల్లోనే తక్కువ వస్తుంది. రేడియేటరు విప్పి లోపలి పెచ్చులు కడిగించినవారికి ఈ బాధ సగం తగ్గుతుంది. రోజూ తిప్పాలనుకునేవారు ఇంకొకటి గమనించాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు నిండిన సొంత బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి, కొత్తగా చేయిస్తే 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. గడపలో నిలబడే బండికి ప్రభుత్వం ఇచ్చిన బిరుదు అది.

పద్యం కింద, కాస్త వంకరగా, అదే సుద్దతో ఇంకొక పంక్తి ఉంది: “ట్రనియన్ — 90 నంబరు — గ్రీజు వద్దు.” గణాలు లేవు, యతి లేదు గనుక ఇది ప్రక్షిప్తమని పండితుల అభిప్రాయం. దీన్ని మేము ఒప్పుకోము. హెరాల్డుకైనా స్పిట్‌ఫైర్‌కైనా ముందుచక్రాన్ని మోసే నిలువు ఉక్కుకడ్డీ అడుగున మరలు ఉంటాయి. అవి ఇత్తడిలాంటి కంచు దిమ్మలో దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా దానిలో తిరుగుతాయి. ఆ దిమ్మే ట్రనియన్. దానికి కంపెనీ చెప్పింది గేరు నూనె. గ్రీజు చిక్కన గనుక మరల సందుల్లో అడుగుదాకా పోదు, పైన గట్టిపడి కూర్చుంటుంది. కింద నీరు చేరి ఉక్కు తుప్పుపడుతుంది, మర పట్టేస్తుంది, ఒకనాడు మలుపులో కడ్డీ విరిగి చక్రం బయటికి పడుకుంటుంది. లారీల సంప్రదాయంలో పెరిగిన మేస్త్రీకి గ్రీజు నిపుల్ కనబడితే చాలు, చేయి గ్రీజుగన్ను మీదికి పోతుంది. అది అతని తప్పు కాదు, నిపుల్ పిలుస్తుంది. అందుకని తెలిసినవాళ్లు అక్కడ మరబిరడా పెట్టి, నిపుల్ తీసి డాష్‌బోర్డు అరలో దాస్తారు. ఏడాదికోసారి బిరడా తీసి నిపుల్ పెట్టి, వేరే గన్నులో 90 నంబరు నూనె నింపి, పైన రబ్బరు దగ్గర కొత్త నూనె ఊరేదాకా కొట్టి, మళ్లీ నిపుల్ తీసేస్తారు. కొట్టిన నూనె రెండు రోజులు నేలమీదికి కారుతుంది. అట్ట మీద అప్పుడు పడే చుక్కలు ముందు చక్రాల పక్కన, అటొకటి ఇటొకటి, గంధకం వాసనతో ఉంటాయి.